డిగ్రీ మొదటి ఏడాదిలో వేసుకోవలసిన లెక్క

పిల్లవాడు పన్నెండవ తరగతి ప్యాసయిన నాటి నుండి కళాశాల తలుపులు తెరిచే నాటి వరకు మన ఇళ్ళలో జరిగే ఆలోచన అంతా ఒక్కటే: ఏ కాలేజీలో సీటు వస్తుంది? సీటు దొరికిన తరువాత లోపల ఏ పాఠ్యాలు తీసుకోవలెను, దేనికి ఎంత విలువ, ఇప్పుడు విడిచిపెట్టినది రేపు దొరుకుతుందా అని అడిగేవారు అరుదు. ఒడిశాలో డిగ్రీ ప్రవేశానికి సామ్స్ అనే ప్రభుత్వ పద్ధతి ద్వారా కంప్యూటరులో దరఖాస్తు పెట్టవలెను గదా! చాలా ఇళ్ళకు ఆ దరఖాస్తు నింపిపెట్టేది బజారులోని నెట్ సెంటరు కుర్రవాడు. అతని ముందు ఇంకా ఇరవై మంది కాచుకొని ఉంటారు. "ఆనర్సు ఏది పెట్టమంటావు?" అని అడుగుతాడు. మనవాడు పక్కనున్న స్నేహితుని ముఖం చూస్తాడు. స్నేహితుడు పెట్టినదే వీడూ పెడతాడు. మూడు నాలుగేండ్ల కాలమూ, తండ్రి ధనమూ ఏ దారిన పోవలెనో ఆ నిమిషంలో తేలిపోతున్నది.

పది బేళ్ళ గుడ్డ కొనేటప్పుడు మనం ఇట్లు చేయము. నేత చూస్తాము, రంగు చూస్తాము, ఏ ఊళ్ళో చెల్లుతుందో విచారిస్తాము, మిగిలిపోతే తిరిగి తీసుకొంటారా అని ముందే మాట పుచ్చుకొంటాము. చదువు విషయంలో ఆ విచారణ మానివేయడం ఇష్టం లేక కాదు, ఎక్కడ మొదలుపెట్టవలెనో తెలియక. బరంపురంలోను, గోపాలపురంలోను, సముద్రపు ఒడ్డున మార్కండిలోను ఉన్న మన తెలుగు వర్తక కుటుంబాల పిల్లలను మనసులో పెట్టుకొని, ఆ విచారణ ఎట్లు చేయవలెనో ఇక్కడ వివరించడానికి ప్రయత్నిస్తాను.

మన తాతల కాలంలో ఈ చిక్కు ఇంతగా లేదు. బరంపురంలో 1856లో జిల్లా పాఠశాలగా వెలసి, 1878లో ద్వితీయ శ్రేణి కళాశాలగా పెరిగి, తరువాత కళ్ళికోట రాజావారి దాతృత్వం వల్ల ఆ పేరు పొందిన కళ్ళికోట కళాశాల మొదట మద్రాసు విశ్వవిద్యాలయం కింద ఉండేది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం ఏర్పడిన మీదట దాని కిందికి వచ్చింది. 1936 ఏప్రిల్ 1న గంజాం ప్రాంతం ఒరిస్సా రాష్ట్రంలో చేరింది. 1943లో ఉత్కళ విశ్వవిద్యాలయం, 1967 జనవరి 2న బరంపురం విశ్వవిద్యాలయం వెలసినవి. కళాశాల ఉన్నచోటనే ఉండి నలుగురు యజమానులను చూచింది! కాని యజమాని ఎవరైనా విద్యార్థి చేయవలసిన నిర్ణయం దాదాపు ఒక్కటే ఉండేది: ఏ గ్రూపు? అది చెప్పిన తరువాత పుస్తకాలు, పరీక్షలు, తేదీలు అన్నీ పైవారే ఏర్పాటు చేసేవారు.

ఆ ఒక్క నిర్ణయమైనా ఆలోచించి చేసేవారా అంటే, అదీ సందేహమే. సర్వేపల్లి రాధాకృష్ణన్ మద్రాసు క్రైస్తవ కళాశాలలో తత్త్వశాస్త్రం తీసుకొన్నది ఎందువల్ల? ఆ చదువు అప్పుడే ముగించిన బంధువు ఒకరు తన పాత పుస్తకాలు ఇచ్చినందువల్ల. ఇంట్లో డబ్బుకు ఇబ్బంది. పుస్తకాలు కొనవలసిన పని తప్పింది. ఆ శాస్త్రమే స్థిరమైంది. ఆయనే 1931 నుండి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులు. మన బరంపురం కళాశాల ఆనాడు ఆ విశ్వవిద్యాలయపు నీడలోనే ఉండేది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత 1948-49లో విశ్వవిద్యాలయ విద్యా సంఘానికి అధ్యక్షత వహించి, డిగ్రీ చదువు మూడేండ్లు ఉండవలెననీ, ఏ శాస్త్రం చదివేవారికైనా కొంత సామాన్య విద్య ఉండవలెననీ సిఫారసు చేసినవారూ ఆయనే. పాత పుస్తకాలు ఆయనకు మేలే చేసినవి. అయితే, కలిసివచ్చిన ఒక బేరాన్ని చూచి మనం వ్యాపారమంతా ఆ తీరున నడపము. దొరికిన పుస్తకాలను బట్టి శాస్త్రం ఎన్నుకొని దారి తప్పినవారి పేర్లు చరిత్రలో ఉండవు.

ఎంపిక పెరిగినప్పుడు సలహా చెప్పేవాడు కావలెనన్న సంగతి ఇతర దేశాలలో ముందే తెలిసివచ్చింది. అమెరికాలోని హార్వర్డు కళాశాలకు 1869 నుండి 1909 వరకు అధ్యక్షుడుగా ఉన్న చార్లెస్ ఎలియట్, విద్యార్థి తనకు నచ్చిన పాఠ్యాలను తానే ఎన్నుకోవచ్చునని, నిర్బంధ పాఠ్యాలను దాదాపుగా తీసివేసినాడు. స్వేచ్ఛ వచ్చింది, దానితో గందరగోళమూ వచ్చింది. కొందరు సులువైన మొదటి మెట్టు పాఠ్యాలనే ఏరుకొని, దేనిలోను రెండవ మెట్టు ఎక్కకుండానే పట్టా పుచ్చుకొన్నారు. 1880ల చివర అక్కడ మొదటి సంవత్సరం విద్యార్థుల కోసం సలహాదారుల మండలిని ఏర్పాటు చేయవలసి వచ్చింది. 1876లో స్థాపితమైన జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం తొలి ఏండ్లలోనే ఒక్కొక్క విద్యార్థిని ఒక్కొక్క ఆచార్యునికి అప్పగించే పద్ధతి పెట్టుకొన్నది. ఎలియట్ తరువాత వచ్చిన లోవెల్, ఒక శాస్త్రంలో లోతు, మిగిలిన వాటిలో కొంత వెడల్పు ఉండి తీరవలెనని కట్టడి చేసినాడు. ఈనాడు మన పిల్లల ఫారాలలో కనిపించే మేజర్, మైనర్ అనే మాటల వెనుక ఉన్నది ఆ లోతు-వెడల్పుల ఆలోచనే.

మన దేశంలో అదే మార్పు చాలా ఆలస్యంగా, ఒక్కసారిగా వచ్చి పడింది. 2015లో యూ.జీ.సీ. ఎంపికతో కూడిన క్రెడిట్ పద్ధతిని ప్రవేశపెట్టింది. 2020లో జాతీయ విద్యా విధానం వచ్చింది. 2022 డిసెంబరులో దానికి అనుగుణంగా డిగ్రీ చదువుల కొత్త చట్రాన్ని ప్రకటించినారు. ఆంధ్రప్రదేశ్ 2023-24లో ఒకే మేజరు గల డిగ్రీని పెట్టింది. ఒడిశా 2024-25 నుండి కొత్త చట్రాన్ని అమలులోకి తెచ్చింది. అంటే, నేడు ఇంటికి పెద్దవారైన మనం చదివిన డిగ్రీ వేరు, మన పిల్లలు చదివే డిగ్రీ వేరు. "నేను బీకాం చదివినాను, నాకు తెలుసును" అనే తండ్రి మాట ఇక్కడ చెల్లదు. కనుక ముందుగా ఆ లెక్క ఏమిటో తండ్రులే నేర్చుకోవలెను.

క్రెడిట్ అన్న మాట వినగానే మనకు అరువు జ్ఞాపకం వస్తుంది. కళాశాలలో దాని అర్థం అందుకు విరుద్ధం. అక్కడ అది జమ. ఒక సెమిస్టరు అంటే సుమారు 15 వారాలు. వారానికి ఒక గంట చొప్పున సెమిస్టరంతా ఉపన్యాసం విని పరీక్ష నెగ్గితే ఒక క్రెడిట్ జమ అవుతుంది. ప్రయోగశాల పని అయితే వారానికి రెండు గంటలు చేస్తేగాని ఒక క్రెడిట్ కాదు. సెమిస్టరుకు 20, ఏడాదికి 40, మూడేండ్లకు 120 క్రెడిట్లు చేరితే డిగ్రీ. నాలుగవ ఏడు కూడ చదివి 160 చేర్చుకొంటే ఆనర్సు డిగ్రీ.

యూ.జీ.సీ. చట్రం ప్రకారం ఆ 120 ఎట్లు విడిపోతవో చూడండి. మేజరుకు కనీసం 60, అనగా సగం. మైనరుకు 24, అనగా అయిదవ వంతు. ఇతర శాస్త్రాల పరిచయానికి 9. భాషలకు 8. చేతిపనికి పనికివచ్చే నైపుణ్య పాఠ్యాలకు 9. విలువల పాఠ్యాలకు 6 మొదలు 8. వేసవిలో ఎక్కడనైనా పని నేర్చుకొన్నందుకు 2 మొదలు 4. రాష్ట్రాన్ని బట్టి, విశ్వవిద్యాలయాన్ని బట్టి వీటి పేర్లు, అంకెలు కొంచెం మారవచ్చును. పిల్లవాని కళాశాల ముద్రించిన పట్టికనే ప్రమాణంగా తీసుకోవలెను. కాని స్థూలంగా బొమ్మ ఇదే. ఇంట్లో మాట్లాడుకొనేది ఎప్పుడూ మేజరును గురించే. తక్కిన సగం, అంటే ఆ 60 క్రెడిట్లు, ఏమి చేయగలవో ఎవరూ అడగరు. నా అభిప్రాయంలో తెలివి చూపవలసినది ఆ రెండవ సగంలోనే.

ఎట్లు ఎన్నుకోవలెను? మొదటి తలుపు దగ్గర నిలబడి కాక, చివరి తలుపు దగ్గర నిలబడి వెనుకకు చూడవలెను. డిగ్రీ చేతికి వచ్చిన మరునాడు పిల్లవాడు ఏ తలుపు తట్టదలచుకొన్నాడు? ఆ తలుపు మీద ఏ నియమం వ్రాసి ఉన్నది? ఒకటి రెండు ఉదాహరణలు చెబితే సంగతి స్పష్టమవుతుంది.

మన ఇళ్ళలో ఎక్కువగా వినబడే కోరిక చార్టర్డ్ అకౌంటెన్సీ. దానికి రెండు దారులున్నవి. పన్నెండవ తరగతి కాగానే ఫౌండేషన్ పరీక్ష వ్రాసి పోయేది ఒకటి. ఈ పరీక్షలో నాలుగు పత్రాలు: అకౌంటింగు, వాణిజ్య చట్టాలు, గణితము-తర్కము-గణాంకాలు కలిసినది ఒకటి, వాణిజ్య అర్థశాస్త్రం. రెండవ దారి డిగ్రీ ముగించి నేరుగా ఇంటర్మీడియట్ దశలో చేరడం. దీనికి వాణిజ్య పట్టభద్రులకు నూటికి 55, ఇతరులకు 60 మార్కులు ఉండవలెను. 2023 జూలై 1 నుండి వచ్చిన కొత్త పద్ధతిలో ఆర్టికల్‌షిప్ మూడేండ్ల నుండి రెండేండ్లకు తగ్గింది. ఇంటర్మీడియట్ రెండు గ్రూపులూ నెగ్గిన పిమ్మట అది మొదలవుతుంది. ఇప్పుడు మొదటి దారిని డిగ్రీతో పక్కపక్కన పెట్టి చూడండి. మొదటి ఏడు బీకాం చదువుతూ ఫౌండేషన్ ముగించి, రెండవ ఏట ఇంటర్మీడియట్ నెగ్గిన చురుకైన కుర్రవానికి ఆర్టికల్‌షిప్ మూడవ ఏట వచ్చి పడుతుంది. పగలంతా ఆఫీసులో ఉండవలెను, అదే పగలు కళాశాలలో హాజరూ ఉండవలెను. రెండూ ఏకకాలంలో నడపడానికి ఇన్‌స్టిట్యూటు అనుమతి తీసుకోవలెను, తరగతుల వేళ, ఆఫీసు వేళ ఢీకొనరాదు. ఈ చిక్కు మూడవ ఏట తెలిసికొనేవారు ఏదో ఒకటి వదులుకొంటారు. మొదటి ఏటనే తెలిసికొన్నవారికి ఉపాయాలున్నవి. స్వయం అనే ప్రభుత్వ అంతర్జాల పాఠ్యాల ద్వారా ఒక సెమిస్టరులోని పాఠ్యాలలో నూటికి 40 వరకు చేసికోవడానికి 2021 నియమాలు వీలు కల్పించినవి. కాని ఏ పాఠ్యాన్ని తాము అంగీకరిస్తారో కళాశాలను ముందుగా అడగవలెను. లేదా, డిగ్రీనే దూరవిద్యలో చదవవచ్చును. 1985లో స్థాపితమైన ఇందిరా గాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం అందుకే ఉన్నది. ఏది మేలు? చదువులో నిలకడ గలవాడైతే, ఇన్‌స్టిట్యూటు పరీక్షలు మొదట తప్పినా బెదరనివాడైతే, దూరవిద్య బీకాం చాలును. అటువంటి నిలకడ ఇంకా కనబడనివానిని కళాశాలకే పంపవలెను. సీఏ తప్పినా చేతిలో మంచి డిగ్రీ మిగులుతుంది.

ఇక రెండవ ఉదాహరణ. "ఎట్లాగూ అంగడిలో కూర్చునేవాడే గదా, ఏ డిగ్రీ అయితేనేమి?" అనే వాదం మనలో తరతరాలుగా ఉన్నది. ఈ వాదం నాకు నచ్చదు. అంగడి ఒకటే అయినా అన్నదమ్ములు ముగ్గురు ఉండవచ్చును. నిన్నటి వరకు బరంపురం బజారుకు వచ్చి కొనుక్కొన్నవాడు నేడు ఇంట్లో కూర్చుండి ఫోను మీద తెప్పించుకొంటున్నాడు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటినప్పుడు ఈ ఒడ్డున ఉన్న చిన్న వ్యాపారాలు ఎంత దెబ్బ తిన్నవో చూచినవారికి చెప్పనక్కరలేదు. అంగడి పిల్లవానికి ఆధారం కావలెనేగాని గొలుసు కారాదు. అటువంటి పిల్లవానికి బీకాం మేజరు అయితే, మైనరుగా అర్థశాస్త్రమో గణాంకశాస్త్రమో, కళాశాలలో ఉంటే కంప్యూటరో తీసుకోవడం మంచిది. నైపుణ్య పాఠ్యాల 9 క్రెడిట్లలో జీఎస్టీ, కంప్యూటరు పద్దులు వంటివి దొరికితే ఆ సాయంత్రమే అంగడిలో పనికివస్తవి. బ్యాంకు ఆఫీసరు పరీక్షకు ఏ డిగ్రీ అయినా చాలును, వయస్సు 20 నుండి 30 లోపల ఉండవలెను. సివిల్ సర్వీసుకు కూడ ఏ డిగ్రీ అయినా చాలును. మూడేండ్ల న్యాయశాస్త్రానికి ఏ డిగ్రీ అయినా సరే, మార్కులు నూటికి 45 ఉండవలెను. ఈ తలుపులు అందరికీ తెరిచి ఉన్నవి. మూసుకొనే తలుపులు వేరు. ఎంసీఏకు పన్నెండవ తరగతిలోగాని డిగ్రీలోగాని గణితం చదివి ఉండవలెనని చాలాచోట్ల అడుగుతారు. అర్థశాస్త్రంలో పెద్ద సంస్థల ఎం.ఏ.కు పోదలచినవానికి గణితం లేనిదే ప్రవేశ పరీక్ష కొరుకుడు పడదు. గణితమంటే భయపడి మొదటి సెమిస్టరులో దానిని తప్పించుకొన్నవాడు ఏ ఏ తలుపులు తన చేతులతో మూసివేస్తున్నాడో ఆ రోజు అతనికి చెప్పేవారు ఉండవలెను.

విజ్ఞానశాస్త్రాల విషయంలో మన ఇళ్ళలో మరొక అభ్యంతరం ఉండేది. జంతుశాస్త్రం తీసుకొంటే కప్పను కోయవలెను, అది మన ధర్మానికి విరుద్ధం అని, చదువులో ముందున్న ఆడపిల్లలను, మగపిల్లలను కూడ ఆ శాస్త్రం వైపు పోనీయలేదు. అహింసను పాటించే ఇంట ఆ సంకోచం సహజమే, నేను తప్పుపట్టను. కాని పరిస్థితి మారింది. జంతువులను కోసే పద్ధతిని క్రమంగా మాన్పవలెనని యూ.జీ.సీ. 2011లో మార్గదర్శకాలు ఇచ్చింది. 2014లో డిగ్రీ, పీజీ తరగతులలో దానిని నిలిపివేయవలెనని చెప్పింది. కంప్యూటరు బొమ్మలతో, నమూనాలతో ఆ పాఠం చెబుతారు. పాత కారణం చూపి పిల్లల కోరికను ఆపివేయకముందు, ఆ కళాశాల ప్రయోగశాలలో నేడు ఏమి చేయిస్తారో వెళ్ళి అడగడం న్యాయం.

అయితే విజ్ఞానశాస్త్రాలలో గంటలు ఎక్కువ. నాలుగు క్రెడిట్ల పాఠ్యంలో మూడు ఉపన్యాసానికి, ఒకటి ప్రయోగానికి ఉంటే వారానికి నాలుగు గంటలు కాదు, అయిదు గంటలు అవుతుంది. అటువంటివి నాలుగు ఉంటే సాయంత్రాలు ప్రయోగశాలకే పోతవి. మార్కండి నుండి రోజూ వచ్చి పోయే పిల్లకు శీతకాలంలో సూర్యాస్తమయంలోపల ఇల్లు చేరి భోజనం చేయడం కష్టమవుతుంది. ఇది చిన్న సంగతి కాదు. నియమం పాటించే ఇంట దీనిని ముందే ఆలోచించి, బరంపురంలో బంధువుల ఇంట ఉంచడమో, డబ్బా కట్టి పంపడమో నిశ్చయించుకోవలెను. పర్యూషణ పర్వం వచ్చే రోజులలోనే మొదటి సెమిస్టరు ఊపందుకొని ఉంటుంది. హాజరు సాధారణంగా నూటికి 75 ఉండవలెను. కళాశాల క్యాలెండరు చేతికి రాగానే పంచాంగం పక్కన పెట్టి చూచుకొంటే ఎన్ని దినాలు మానవచ్చునో తెలుస్తుంది.

భాషల 8 క్రెడిట్లను గురించి ఒక మాట. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, పుస్తకాలలో ఇంగ్లీషు, కొన్ని ఇళ్ళలో పెద్దవారితో గుజరాతీయో మార్వాడీయో. ఇన్ని భాషలు వినే పిల్లవాడు ఒక్క దానిలోనైనా తప్పులేకుండా అర్జీ వ్రాయలేకపోతే అది మన లోపమే. ఒడిశా ప్రభుత్వోద్యోగం కోరేవానికి ఒడియా చదవడం, వ్రాయడం వచ్చి తీరవలెను. సివిల్ సర్వీసు పరీక్షను తెలుగులో వ్రాయవచ్చును, తెలుగు సాహిత్యాన్ని ఐచ్ఛికంగానూ తీసుకోవచ్చును. తెలుగు చదవవలెననే కోరిక ఉంటే, చేరబోయే కళాశాలలో అది ఉన్నదా, చెప్పే అధ్యాపకులు ఉన్నారా అని చేరకముందే అడగవలెను; చేరిన తరువాత అడిగితే ఉన్న భాషలోనే సర్దుకోమంటారు.

మొదటి సంవత్సరపు మార్కులను గురించి ఒక పాత నమ్మకం ఇంకా నిలిచి ఉన్నది. "మొదటి ఏడు అలవాటు పడనీ, చివరి ఏట చూచుకొందాం" అంటారు. ఇప్పటి పద్ధతిలో ప్రతి సెమిస్టరూ ఖాతాకు ఎక్కుతుంది. నాలుగవ ఏట పరిశోధనతో కూడిన ఆనర్సు చదవవలెనంటే మొదటి ఆరు సెమిస్టర్లలో నూటికి 75 ఉండవలెను. పది పాయింట్ల కొలతలో దీనిని 7.5 అనుకొందాం. మొదటి ఏట ఒక పిల్లవానికి సగటు 6 వచ్చిందనుకోండి. 40 క్రెడిట్లను 6తో హెచ్చిస్తే 240. కావలసినది 120ని 7.5తో హెచ్చించిన 900. మిగిలిన 660ని 80 క్రెడిట్లలో సంపాదించవలెను. అంటే తక్కిన రెండేండ్లూ సగటు 8.25 తగ్గకుండా రావలెను. మొదటి ఏడు 6 తెచ్చుకొన్నవానికి ఇది అసాధ్యం కాదు గాని, సులభమూ కాదు. నాలుగేండ్ల డిగ్రీలో 75 తెచ్చుకొన్నవారు ఎం.ఏ. లేకుండానే పీహెచ్.డీ.కి పోటీ పడవచ్చునని 2022 నియమాలు చెబుతున్నవి, ఎం.ఏ.కు పోదలచినా అది ఒక్క ఏడాదిలో ముగియవచ్చును. మొదటి ఏట నిర్లక్ష్యం ఖరీదు అంత.

ఇంతవరకు చెప్పినది అబ్బాయిలకు, అమ్మాయిలకు సమానమే. కాని మన ఇళ్ళలో అమ్మాయి చదువు రెండవ ఏటనో మూడవ ఏటనో పెళ్ళి ముహూర్తం దగ్గర ఆగిపోవడం ఎందరు చూడలేదు? అత్తవారిది విజయనగరమో, రాయపూరో అయితే పుస్తకాలు అటకెక్కుతవి. పాత పద్ధతిలో ఆమెకు మిగిలేది "డిగ్రీ సగం చదివింది" అనే మాట మాత్రమే. కొత్త పద్ధతిలో ఆ సగానికి విలువ కట్టినారు. ఒక ఏడాది, 40 క్రెడిట్లు ముగించి, వేసవిలో 4 క్రెడిట్ల వృత్తి పాఠ్యం కూడ చేస్తే సర్టిఫికెట్ ఇస్తారు. రెండేండ్లు, 80 క్రెడిట్లు, దానితో 4 క్రెడిట్ల వృత్తి పాఠ్యం ఉంటే డిప్లొమా. మానినవారు మూడేండ్లలోపల మరల చేరవచ్చును. మొత్తం చదువు ఏడేండ్లలో పూర్తి కావలెను.

ఈ క్రెడిట్లు నిలువ ఉండే చోటు 2021లో ఏర్పడిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్. ప్రతి విద్యార్థికీ పన్నెండు అంకెల ఖాతా నంబరు ఉంటుంది. డిజిలాకరు ద్వారా చూచుకోవచ్చును. మన బ్యాంకుకూ దీనికీ తేడా ఏమనగా, డబ్బు జమ చేసేది మనం. క్రెడిట్ జమ చేసేది కళాశాల. కళాశాల ఎక్కించకపోతే ఖాతా ఖాళీగానే ఉంటుంది. కాబట్టి ఒక్కొక్క సెమిస్టరు ఫలితాలు వచ్చిన నెలలోనే, పాస్‌బుక్కు సరిచూచుకొన్నట్లు, జమలు చేరినవా అని చూడవలెను. పేరులో ఒక అక్షరం ఆధార్‌లో ఒక తీరు, మార్కుల జాబితాలో ఒక తీరు ఉంటే అక్కడే ఆగిపోతుంది. పెళ్ళి తరువాత ఇంటిపేరు మార్చే ఆచారం గలవారు ఈ సంగతి రెండింతలు జ్ఞాపకం పెట్టుకోవలెను.

అయినా జమ చేసిన క్రెడిట్ ఎక్కడైనా చెల్లుతుందని పూర్తిగా నమ్మరాదు. ఒడిశాలో ఒక మేజరుతో రెండేండ్లు చదివిన పిల్ల విశాఖపట్టణంలో చేరదలిస్తే అక్కడి కళాశాలలో ఆ మేజరు ఉండవలెను, పాఠ్యాలు పోలవలెను, ఖాళీ ఉండవలెను. ఏది కుదరకపోయినా ఇందిరా గాంధీ విశ్వవిద్యాలయమో, 1972 నుండి నడుస్తున్న ఆంధ్ర విశ్వవిద్యాలయ దూరవిద్యా విభాగమో ఉన్నవి. అత్తవారి ఊరు ఏ దిక్కున ఉండవచ్చునో ముందే తెలిసిన ఇండ్లలో, రెండు రాష్ట్రాలలోను సామాన్యంగా దొరికే వాణిజ్యశాస్త్రం, ఇంగ్లీషు, అర్థశాస్త్రం, గణితం వంటివాటిలో అమ్మాయికి నచ్చినది మేజరుగా తీసుకొంటే దారిలో చిక్కులు తక్కువ. ఇదంతా తప్పనిసరి అయినప్పటి మాట. నన్ను అడిగితే, ఆరవ సెమిస్టరు పరీక్షలు కాగానే ముహూర్తం పెట్టుకోమంటాను. వరుని తరఫువారితో ఈ మాట మొదటి సంబంధపు సంభాషణలోనే చెప్పవచ్చును; కట్నకానుకలు మాట్లాడుకోవడానికి లేని మొగమాటం దీనికి ఎందుకు?

సలహా అడగవలసినది ఎవరిని? 2019లో దీక్షారంభ్ అనే పేరుతో యూ.జీ.సీ. ఒక పద్ధతి చెప్పింది. మొదటి సంవత్సరంలో చేరినవారికి తొలి వారాలలో కళాశాలను పరిచయం చేయవలెను, కొద్దిమంది విద్యార్థులకు ఒక అధ్యాపకుని మార్గదర్శిగా నియమించవలెను. చాలా కళాశాలలలో ఆ అధ్యాపకుని పేరు కాగితం మీద ఉంటుంది. పిల్లవాడు ఆయన దగ్గరకు ఎన్నడూ పోడు, ఆయనా పిలవడు. మొదటి నెలలోనే ఆ పేరు కనుక్కొని, తండ్రి ఒకసారి పిల్లవానితో కలిసి వెళ్ళి మాట్లాడి రావడం మంచిది. తల్లి వెళ్ళినా సరే. చాలా ఇళ్ళలో ఆమెకే పిల్లల మనసు బాగా తెలుసును. ఉత్త చేతులతో పోక, పిల్లవాని పన్నెండవ తరగతి మార్కులు, కళాశాల పాఠ్య పట్టిక, అతడు తట్టదలచిన రెండు తలుపుల నియమాలు ఒక కాగితం మీద వ్రాసుకొని పోవలెను. రెండు అని ఎందుకన్నానంటే, ఒక్క తలుపే చెప్పేవాడు అది మూసుకొన్న రోజు వీధిలో నిలబడతాడు. "మావాడికి ఏది మంచిది?" అని అడిగితే ఏ అధ్యాపకుడైనా తన శాస్త్రమే మంచిదంటాడు. "ఈ మైనరు తీసుకొంటే ఈ తలుపు తెరుచుకొంటుందా, మూసుకొంటుందా?" అని అడిగితే సూటిగా జవాబు వస్తుంది.

అక్కడ పిల్లవానిని మాట్లాడనీయండి. ప్రశ్న తండ్రి అడిగి, జవాబు తండ్రి విని, సంతకం మాత్రం కొడుకు చేస్తే, రెండవ సెమిస్టరులో పుస్తకం తెరవనివాడు కూడ ఆ కొడుకే అవుతాడు.

ఆ రెండవ సెమిస్టరు ముగిసే వేళకు ఇంకొక అవకాశం ఉన్నది. తీసుకొన్న మేజరు తన స్వభావానికి సరిపడదని తెలిసినవాడు, అదే కోవకు చెందిన మరొక మేజరుకు మారడానికి యూ.జీ.సీ. చట్రం వీలిచ్చింది. మార్చిలోనో ఏప్రిల్‌లోనో ఇంట్లో కూర్చుండి, రెండు సెమిస్టర్ల మార్కులు ముందు పెట్టుకొని, ఏ పాఠానికి వాడు తనంత తాను లేచి కూర్చున్నాడో, ఏ పాఠానికి లేపవలసి వచ్చిందో మాట్లాడుకోవలెను. మారదలచినవారు కళాశాల కార్యాలయంలో ఖాళీలు ఎన్ని ఉన్నవో, దరఖాస్తుకు చివరి తేదీ ఏదో ఫలితాల కోసం కాచుకోకుండా ముందే కనుక్కోవలెను. ఆ తేదీ నోటీసు బోర్డు మీద కొద్ది దినాలే ఉంటుంది, అదీ వేసవి సెలవులకు పిల్లలు ఊళ్ళకు పోయే రోజులలో.